సరోజ మేడం అందాజా

పటాన్‌చెరు మార్కెట్ వెనక సందులోకి తిరిగితే తవుడు వాసన ముఖానికి కొడుతుంది. కొత్త తవుడు, తడిసిన గోనె, వాటి అడుగున ఎండుమిర్చి ఘాటు. మొన్న ఆఫీసు పని మీద అటు వెళుతూ ఒక ధాన్యం దుకాణం ముందు ఆగి గట్టిగా తుమ్మాను. తర్వాత నాకే నవ్వొచ్చింది. అందరికీ అది తవుడు వాసన, నాకు మాత్రం లెక్కల వాసన. అలాంటి దుకాణం పైగదిలోనే, బస్తాల మధ్య, సరోజ మేడం నాకు లెక్కలు నేర్పారు.

ఆ దుకాణం వాళ్ళ నాన్నగారిది. గల్లా దగ్గర అన్నలు కూర్చునేవారు. డిగ్రీలో గణితం చదివిన చెల్లెలికి మేడ మీద సగం గది ఇచ్చారు. అక్కడ ఆవిడ సాయంత్రాలు సర్కారు కొలువుల పరీక్షలకు పాఠాలు చెప్పేవారు. వచ్చేవాళ్ళం ఎక్కువగా ఫ్యాక్టరీల వాళ్ళమే. మాది కర్దనూర్. నేను ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు మీద ప్యాకింగ్ చేసేదాన్ని. పొద్దుటి షిఫ్టు దిగి నేరుగా క్లాసుకు వచ్చేదాన్ని. మా పనికి యంత్రం వస్తోందని, ఎండాకాలం దాటితే మా బ్యాచీ అక్కర్లేదని సూపర్‌వైజర్ అప్పటికే చెప్పేశాడు. చేతిలో ఇంకో దారి లేదు. కానీ ప్రశ్నలో ‘గంటకు’ అనో ‘శాతం’ అనో కనిపిస్తే చాలు, నా అరచేతులకు చెమట పట్టేది.

మొదటి వారమే నన్ను లేపారు. ఒక పైపు ట్యాంకును ఆరు గంటల్లో నింపుతుంది, ఇంకొకటి పన్నెండు గంటల్లో నింపుతుంది. రెండూ కలిపి విప్పితే ఎంతసేపు? నేను ఆరూ పన్నెండూ కలిపి సగం చేసి, “తొమ్మిది గంటలు మేడం” అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. కుర్చీ జరుపుకుని ముందుకు వంగారు. “మీ పొలంల నువ్వొక్కదానివే ఆరు గంటల్ల నాటేస్తవనుకో. మీ వదిన గూడ వచ్చి చెయ్యేసింది. అప్పుడు తొమ్మిది గంటలు పడుతదా? గామె నాటేసిందా, పీకిందా?”

గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. లెక్కల క్లాసులో నేను నవ్వడం అదే మొదలు.

“ఆరు కంటే తక్కువనే రావాలె. ఇద్దరూ నీ అంత జోరుంటే మూడు పట్టేది, మీ వదిన జెర నిదానం గాబట్టి మూడు కంటే ఎక్కువ. ఇగ జవాబు ఆ నడుమనే ఉన్నది, యాడికి పోతది? ముందు అందాజా చెయ్యి. కలం తర్వాత.”

జవాబు నాలుగు గంటలు. కానీ ఆ రోజు ఇంటికి తీసుకెళ్ళింది నాలుగును కాదు, మూడుకూ ఆరుకూ నడుమ ఉన్న చోటును. అంతవరకూ నాకు లెక్క అంటే తప్పో ఒప్పో, రెండే. నడుమ నిలబడి చుట్టూ చూసుకోవచ్చని ఎవరూ చెప్పలేదు.

ఇంకో సాయంత్రం బోర్డు మీద ఎనిమిది వందల పన్నెండులో పంతొమ్మిది పాయింట్ ఆరు శాతం సుమారుగా ఎంత అని రాశారు. నేను గుణించబోతుంటే సుద్దముక్కతో బల్ల మీద కొట్టారు. “ఎనిమిది వందలల్ల ఇరవై శాతమెంత?”

“నూట అరవై.”

“ఒకదాన్ని తగ్గించినవ్, ఇంకోదాన్ని పెంచినవ్. తప్పు అటింత, ఇటింత. ఇగ పరేషాన్ ఎందుకు?” ఇచ్చిన జవాబుల్లో నూట యాభై తొమ్మిది ఉంది. దాన్ని గుర్తించి ముందుకు సాగాను.

ఆవిడ కూడా మూలన కూర్చుని పాత ప్రశ్నపత్రాలు చేయడం గమనించి, ఒకరోజు అడిగాను. “మీరెందుకు మేడం ఇవన్నీ?”

“నేను గూడ రాస్తున్న. ఈసారి దాటితే వయసు దాటుతది.”

“మీకేం తక్కువ మేడం?”

“తక్కువేం లేదే. అన్నలకు గల్లా ఉన్నది. నాకు నా పేరుతోని ఒక కుర్చీ కావాలె.”

పరీక్ష సంగారెడ్డిలో పడింది. ఒకే కాలేజీ, వేర్వేరు గదులు. పేపరు మధ్యలో ఒక వింత ప్రశ్న వచ్చింది. ఇద్దరు ఎదురెదురు ఊళ్ళ నుంచి ఒకేసారి బయల్దేరి దారిలో కలుసుకుంటారు. ఆగకుండా నడిస్తే, కలిశాక ఒకరికి అవతలి ఊరు చేరడానికి గంట పట్టింది, రెండోవారికి నాలుగు గంటలు. కలిసేవరకు ఎంతసేపు నడిచారు? దూరం లేదు, వేగం లేదు. గంటకూ నాలుగుకూ నడుమే ఉండి ఉంటుందనిపించింది. ఇచ్చిన జవాబుల్లో ఆ నడుమ ఉన్నది రెండొక్కటే. గుర్తు పెట్టి పేజీ తిప్పాను.

బయట గేటు దగ్గర ఎదురుచూస్తుంటే మేడం అందరికంటే చివర వచ్చారు. ముఖం వెలుగుతోంది. బాగా రాశారనుకున్నాను.

“ఆఖరి పేజీ తిప్పనే లేదు” అన్నారు.

“ఎందుకు మేడం?” అన్నాను.

“ఆ ఇద్దరు ఎదురెదురు నడిచే లెక్క జూసినవా? రెండు అని సూడంగనే తెలిసింది. కానీ ఎందుకు రెండు? దూరం చెప్పకుండ గట్లెట్ల వస్తది? విడిచిపెట్టబుద్ధి కాలే.” హాల్‌టికెట్ వెనక గీత గీసి చూపించారు. ఒకరు కలిసేదాకా నడిచిన దారినే రెండోవారు కలిశాక నడుస్తారు. ఆ రెండు ముక్కలనూ పక్కపక్కన పెట్టగానే దూరం తనంతట తనే కొట్టుకుపోయింది. “సూడు, ఎంత ముద్దుగుందో.”

“మాకు విడిచిపెట్టమని నేర్పింది మీరే కద మేడం” అన్నాను. కోపంగానే అన్నాను.

“అవును. మీకు నౌకరీ గావాలె గద.” ఆగి, మెల్లగా, “నాకు గూడ కావాలె” అన్నారు.

నాకు ఉద్యోగం వచ్చింది. ఆవిడకు కొద్దిలో తప్పింది. కొన్నాళ్ళు క్లాసు జరగలేదు. స్వీట్లు పట్టుకుని వెళితే కిందనే వాళ్ళ అన్న తీసుకున్నారు, పైకి రమ్మనలేదు. తర్వాత ఒకరోజు ఆవిడే ఫోన్ చేశారు. మళ్ళీ క్లాసు మొదలైందని, కొత్త పిల్లలు పైపుల లెక్కకు తొమ్మిదే చెబుతున్నారని నవ్వారు. రోడ్డు వెడల్పులో ఆ దుకాణం పోయాక ఆవిడ సదాశివపేట వైపు ఒక బడిలో చేరారు. అక్కడ కుర్చీ ఉందట, పేరు మాత్రం రాయలేదట.

నేను ఇప్పుడు గ్రామాల మంచినీళ్ళ ఆఫీసులో పనిచేస్తున్నాను. ఏ ఊరికి ఎన్ని ట్యాంకర్లో కాగితం తీయకముందే చెబుతాను. అందరూ మెచ్చుకునేది దాన్నే. మొన్న ఎండల్లో కొండాపూర్ మండలంలోని ఒక ఊళ్ళో మోటారు సరిగ్గానే తోడుతోంది, ట్యాంకు నిండుతోంది, చివరి వాడకు మాత్రం నీళ్ళు అందడం లేదు. ఒక ట్యాంకర్ పంపితే సరిపోతుందని అందరికీ తెలుసు, నాకూ తెలుసు. ట్యాంకర్ పంపించాను. తర్వాత చెప్పుల్లో దుమ్ము నిండుతుండగా పైపు వెంట నడవడం మొదలుపెట్టాను.

“మేడం, పని అయిపోయింది గద, ఇంకేంది?” అని వెనక నుంచి లైన్‌మన్ పిలిచాడు.

“ఎందుకు రావట్లేదో సూసి వస్త” అన్నాను.