పిలుపు అందనివారు

గ్రంథాలయంలో పేపర్లు చింపేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఉద్యోగ ప్రకటన కత్తిరించుకుపోయేవాడొకడు, వంటల పేజీ మడిచి కొంగున దాచుకునే ఇల్లాలొకతె. ఆదోని శాఖలో ఇరవై రెండేళ్ళు పనిచేశాను. అట్లాంటివాళ్ళను గడప దాటించడంలో నాకు ఊళ్ళో పేరుంది. అందుకే రెండువేల నాలుగు వేసవిలో రాజేశ్వరి చినిగిన పేపరు ముక్క పట్టుకుని లోపలికి రాగానే కస్సుమన్నాను.

"ఈడిది కాదన్నా, మా పొట్లాల కట్టలోది" అంది.

రాజేశ్వరిది మార్కెట్టు వెనక చిన్న దినుసుల అంగడి. నలభై ఏళ్ళ మనిషి. పెళ్ళయిన మూడేళ్ళకే మొగుడు పోతే తల్లి ఓబులమ్మ దగ్గరికి తిరిగొచ్చింది. ఆమె పొట్లం కడుతుంటే చూడాలి. పైన దూలానికి దారపు ఉండ వేలాడుతుంటుంది. ఎడమచేత్తో తక్కెడ దించకుండానే కుడిచేత్తో కాగితం మడిచి, దారం రెండు చుట్లు తిప్పి, బొటనవేలితో నొక్కి తెంపేస్తుంది. ముడి ఎప్పుడు పడిందో కంటికి ఆనదు. ఆ ఒంటిచేతి ముడి ఆమెకు తండ్రి నేర్పింది.

తండ్రి అంటే పొద్దుటూరు శెట్టి. ఏటా దసరాకు పత్తి బేరానికి ఆదోని వచ్చి ఉగాదికి వెళ్ళేవాడు. ఓబులమ్మకు గుళ్ళో తాళి కట్టి, ఆ అంగడి పెట్టించాడు. పొద్దుటూరులో ఆయనకు వేరే సంసారం ఉందని వీధివీధంతా చెవులు కొరుక్కునేది. ఓబులమ్మ మాత్రం ఆ మాట ఎత్తదు, మొగుడి పేరూ ఎత్తదు. బడిలో తండ్రి పేరు అడిగితే "అహోబిలం సామి పేరే" అని తలదించుకుందట. రిజిస్టరులో పొద్దుటూరు శెట్టి అనే రాసుకున్నారు. ఎనభై ఆరులో ఉగాదికి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. ఓబులమ్మ మాత్రం రూపాయి కాసంత బొట్టు పెట్టుకుని పద్దెనిమిదేళ్ళుగా ఎదురుచూస్తూనే ఉంది.

రాజేశ్వరి తెచ్చిన ముక్కలో సగం మొహం ఉంది. ఒక కన్ను, ఒక చెవి, కింద తారీఖు. మిగతా సగం ఎవరింటికో పసుపు పొట్లంగా వెళ్ళిపోయింది.

"ఇది మా నాయన కన్ను అనిపిస్తాంది. అంతా చూపించన్నా."

"చూసి ఏం చేస్తావమ్మా?"

"అదే భయం. నాయన పోయింటే మా అమ్మకు బొట్టు తీయల్ల. గాజులు పగలగొట్టల్ల. నాకు చేసినారు గదా, నాకు తెలుసు. ఆ మనిషి తట్టుకోదన్నా. అట్లని చూడకుండానూ ఉండలేకపోతాండా."

కట్టిన ఫైళ్ళు దించాను. రెండువేల మూడు కార్తీకం. వర్ధంతి ప్రకటన. కీర్తిశేషులు లక్ష్మీనరసయ్య శెట్టి, పొద్దుటూరు, పదకొండవ వర్ధంతి. మహానంది సత్రంలో కార్తీక బహుళ పంచమినాడు అన్నదానం. ఇట్లు, భార్య నాగలక్ష్మమ్మ, కుమారుడు శివప్రసాద్, మనవలు.

ఫోటోలోని మనిషి బక్కచిక్కి ఉన్నాడు. రాజేశ్వరికి గుర్తున్న నాయన నిండు మొహం వాడు. పేరు చూస్తే అహోబిలం సామిదే, మొహం చూస్తే అవునంటే అవును, కాదంటే కాదు. వెనకటి ఏళ్ళు కూడా తిరగేశాం. తొంభై మూడు దాకా ఏటా అదే ప్రకటన, అదే మూల. కిందనున్న పేర్లు మాత్రం పెరుగుతూ వచ్చాయి. తొంభై ఆరులో ప్రదీప్‌కుమార్ చేరాడు. తొంభై తొమ్మిదిలో పద్మప్రియ. ఎక్కడో ఒక ఇంట్లో పిల్లలు పుడుతుంటే ఇక్కడ మేమిద్దరం ఇన్నేళ్ళ తర్వాత వేలు పెట్టి చదువుకుంటున్నాం.

"అయితే ఈ శివప్రసాద్ నాకు అన్న అయితాడు" అని నోట్లోనే అనుకుంది రాజేశ్వరి.

నాకు రెండు సంగతులు కొరుకుడు పడలేదు. పొద్దుటూరు కడప జిల్లా. మరి ప్రకటన మా కర్నూలు జిల్లా పేజీలో ఎందుకు? భోజనాలు మహానందిలో కాబట్టి అని సర్దుకున్నాను. రెండోది, అన్నింటికీ అడుగున ఒకే వాక్యం: "పిలుపు అందనివారు దీనినే పిలుపుగా భావించి తప్పక రావలెను." పెళ్ళి పిలుపులా ఉంది. వర్ధంతి భోజనానికి ఇంతగా బతిమాలేదెవరు?

సత్రంలో పెద్ద ఫోటో ఉంటుంది, అది చూస్తే తేలిపోతుందని నేనే అన్నాను. తోడు రమ్మంటే మాత్రం వెళ్ళలేదు. నాకూ భయమే మరి. ఎవరి ఇంటి గుట్టో తేలుతుంటే పక్కన నిలబడి ఏం చూస్తాం?

ఆ కార్తీకంలో తల్లికి కోనేటి స్నానమని చెప్పి రాజేశ్వరి ఒక్కతే బస్సెక్కింది. తర్వాతి సంగతి ఆమె చెప్పగా విన్నదే.

సత్రం గుమ్మంలోకి అడుగుపెట్టగానే ఎదురుగా ఫోటో, బంతిపూల దండ. నిండు మొహం. నాయనే. ఏడవాలనుంది కానీ ఏడిస్తే ఎవరు నువ్వు అని అడుగుతారు. నూరుమంది మధ్య ఏమని చెప్పాలి? ఉంచుకున్నదాని కూతురని అనేస్తే ఆ మాట ఆదోని దాకా, అమ్మ చెవిదాకా వచ్చేస్తుంది. తిరిగి వెళ్ళిపోదామని వెనక వసారాలోకి జారుకుంది. అక్కడ నలుగురైదుగురు ఆడవాళ్ళు ప్రసాదం అటుకులు పొట్లాలు కడుతున్నారు.

"ఊరికే నిలబడినావు, ఒక చెయ్యి వేయరాదా?" అందొకామె.

కాదంటే అనుమానిస్తారని కూర్చుంది. చేతికి పని దొరికాక భయం కొంచెం తగ్గింది. ముప్పై నలభై పొట్లాలు కట్టింది. అంతలో ఒక ముసలామె వచ్చి ఒక పొట్లం తీసి చూసింది. బోసి నొసలు, బోసి చేతులు. ఇంకోటి తీసింది. రాజేశ్వరి చేతివైపే చూస్తూ నిలబడిపోయింది. అప్పుడు తెలిసింది రాజేశ్వరికి, తాను కట్టింది ఏ ముడో. దాచిన సంగతంతా తన చెయ్యే బయటపెట్టింది.

ముసలామె ఆమె మణికట్టు పట్టుకుని అంట్లు తోమే చోటికి తీసుకుపోయింది.

"ఈ ముడి యాడ నేర్చుకుంటివి?"

అబద్ధం చెబుదామనుకుంది. నోరు తిరగలేదు. "మా నాయన నేర్పించె."

"ఆదోనా?"

ఇప్పుడు కొడుకును పిలుస్తుంది, గెంటిస్తుంది అనుకుంది రాజేశ్వరి. "ఫోటో చూసి పోదామని వస్తినమ్మా, ఏమీ అడగను, నన్ను పోనీ" అని చేతులు జోడించింది.

నాగలక్ష్మమ్మ చెయ్యి వదల్లేదు. "పక్షవాతమొచ్చి ఆరేండ్లు మంచంలో పడి ఉండె. మాట లేదు. కుడిచెయ్యి ఒకటే ఆడేది. మంచం నులక పీకి ఆ ఒంటిచేతి ముడే వేసేటోడు. దినమూ నేనే విప్పేది. మా అంగట్లో ఎవరికీ రాదు ఆ ముడి. ఎవరినో తలుచుకుంటాండాడని నాకు తెలుసు. ఆదోని అని తెలుసు. ఏ వీధో, ఏ పేరో తెల్దు. ఎవరిని అడగల్ల?"

కొడుకు దగ్గర్లో లేడని చూసుకుని మళ్ళీ అందుకుంది.

"పొద్దుటూరులోనే చేద్దామని నా కొడుకు ఏటా పోట్లాడతాడు. మహానందే అని నేను ఎందుకు మంకుపట్టు పడతాండా? అప్పుడే గదా మీ జిల్లా పేపర్లో పడేది. పన్నెండేండ్లు పాపా. ఎవరన్నా వస్తారేమోనని భయం, ఎవరూ రారేమోనని భయం. ఆయన కన్న బిడ్డ ఆయన పేరుతో పెట్టే అన్నం తినకపోతే ఆ పాపం నాది గాదా?"

రాజేశ్వరి ఆమె చేతిమీద తన రెండో చెయ్యి వేసింది.

"మీ అమ్మ ఉండాదా?"

"ఉండాది."

"బొట్టు?"

"పెట్టుకుంటాంది. వస్తాడని. చెప్పల్లనో వద్దో నాకు తెలుస్తాలేదు పెద్దమ్మా."

ముసలామె తన బోసి నొసటి మీద చెయ్యి పెట్టుకుంది. "చెప్పొద్దు. ఆయనకోసం నేను తీసేసినా గదా. ఒకరు చాలు."

ఆ తర్వాత గొంతు పెంచి, "శివా, ఈ పాప శానా దూరం నుంచి వచ్చింది, ముందు ఈమెకు వడ్డించు" అని కొడుకును కేకేసింది. తల నెరిసిన ఆ అన్న వంగి వడ్డిస్తుంటే రాజేశ్వరి విస్తరి మీదినుంచి కళ్ళెత్తలేదు.

మరుసటి ఏడాది మేం పడిన భయం పగవాడికి కూడా వద్దు. ఓబులమ్మ మంచాన పడింది. చూడ్డానికి వచ్చేపోయే వాళ్ళు ఎక్కువయ్యారు. ఈసారి కార్తీకంలో ప్రకటన పడితే, అది చూసి ఎవరో ఒకరు "ఇది మీ శెట్టే గదా" అని ఆమెతో అనేస్తే? కార్తీకం రాగానే రాజేశ్వరి రోజూ గ్రంథాలయం తలుపు తీయకముందే వచ్చి మెట్ల మీద కూర్చునేది. ఇద్దరం కలిసే పేజీ విప్పేవాళ్ళం. పంచమి వచ్చింది, పోయింది. ఆ మూల బోరుబావుల ప్రకటన పడింది, పొద్దుటూరుది లేదు. పిలవాల్సిన మనిషి వచ్చి తిని వెళ్ళింది. ఆ తల్లికి ఇంక ప్రకటనతో పనేముంది?

పుష్యమాసంలో ఓబులమ్మ పోయింది. నిండా పసుపు రాసి, పూలు పెట్టి సాగనంపారు. ముత్తైదువ చావు, ఎంత పుణ్యం చేసుకుందో అని వీధిలోని ఆడవాళ్ళంతా ఆమె నొసటి కుంకుమ తీసి తమకు పెట్టుకున్నారు. రాజేశ్వరి గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది. పాడె లేచేదాకా ఎవరైనా వచ్చి ఆ మాట అనేస్తారని ఆమె భయం. ఎవరూ రాలేదు.

పదకొండో రోజు దాటాక గ్రంథాలయానికి వచ్చింది. "ఆ పేపర్లు ఉండాయా అన్నా?"

ఫైళ్ళు దించి, బ్లేడు తీసి, పన్నెండు ప్రకటనలూ నేనే కోసి ఆమె చేతిలో పెట్టాను. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో పేపరు చింపడం నాకదే మొదలు.

రాజేశ్వరి అన్నిటికన్నా పైనున్న ప్రకటనలోని ఫోటోను కొంగుతో తుడిచింది.

"అమ్మ ఉన్నన్నాళ్ళూ ఏడ్చేకి భయపడితి. ఇప్పుడు ఏడుస్తా అన్నా, మా నాయనకు."

నేను లేచి వెళ్ళి బయటి తలుపు దగ్గరికి వేశాను.