గత్తర ఏట మా అత్త రాసుకున్నది

కంటి ఆపరేషన్ తర్వాత నెల రోజులు చదవకూడదు, రాయకూడదు అన్నాడు డాక్టరు. చదవకుండా ఉండటం ఎలాగో అలవాటయింది గానీ, పొద్దు వాలేసరికి నోటుబుక్కు ముందర వేసుకుని నాలుగు వాక్యాలు రాసుకోకపోతే ఆ రోజు బతికినట్టే అనిపించేది కాదు. మొన్న అనుమతి దొరకగానే, వణికే అక్షరాలతో వాన లేదనీ వంకాయ కూర వండామనీ రాసుకుంటుంటే మనుమరాలు చూసి, ఈ మాత్రం ముచ్చట్లకు ఇన్ని పుస్తకాలెందుకు నింపావని నవ్వింది. దానికి చెప్పలేకపోయాను. గత్తర అన్న మాట వింటే ఇప్పటికీ ఒళ్లు జలదరించే నా ఈడువాళ్లకైతే చెప్పగలను.

మాది ఎల్లారెడ్డి. మా నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేదాన్ని. బాపు అక్కడి ఉర్దూ బడిలో పంతులు. బాపు, అవ్వ, నేను, చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి చేరిన మా మేనత్త, ఇంతే ఇల్లు. కాపురం చేసిన ఆ రెండేళ్లలోనే భర్త అత్తకు తెలుగు అక్షరాలు నేర్పాడట. ఆయన తనకిచ్చి పోయిన ఆస్తి అదొక్కటేనని అనేది. బాపు తెచ్చే ఉర్దూ బడి నోటుబుక్కులు కుడివైపు నుంచి తెరుచుకుంటాయి గనుక, అత్త వాటిని వెనక అట్ట నుంచి మొదలుపెట్టి, మధ్యాహ్నం గిన్నెలు తోమి బోర్లించాక వంటింటి గడప మీద కూర్చుని, సిరా దవాతులో కలం ముంచి రాసుకునేది. తిథి, వారం, వండిన కూర, ఎవరొచ్చి ఏమి మాట్లాడి పోయిందీ, అంతే. మా అవ్వకు చదువు రాదు. అయినా పక్కన చేరి, తానన్న మాట కూడా అందులో ఎక్కించమని పోరుపెట్టి, చదివించుకుని మురిసిపోయేది.

నాకు పదమూడో ఏడు నడుస్తుండగా, కామారెడ్డిలో ఆడపిల్లల బడి ఉందని, రైలు స్టేషన్లో పనిచేసే మేనమామ ఇంట్లో ఉంచారు. ఆ వానకాలమే ఎల్లారెడ్డికి గత్తర తగిలింది. కలరాను అప్పుడు మేమలాగే అనేవాళ్లం. దారిలోని లింగంపేట అవతలికి ఎవరినీ పోనివ్వడం లేదని బండ్లవాళ్లు చెప్పుకునేవారు. మా ఇంటి సంగతి అడిగితే మేనమామ ముఖం తిప్పుకునేవాడు. ఇరవై రోజులకు దారి తెరిచాక బండి కట్టించి నన్ను తీసుకుపోతుంటే, కొత్తగా నేర్చిన కుట్టుపని అవ్వకు చూపించాలని ఆ గుడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇల్లు చేరేసరికి అవ్వ పోయి పదహారు రోజులు. దినాలు కూడా అయిపోయాయి.

మర్నాడు పొద్దున తాలూకా నుంచి వచ్చిన మనుషులు, రోగమొచ్చిన ఇళ్లలోని బట్టలూ పరుపులూ వీధిలో వేయించి కాల్పించారు. అవ్వ చీరలు, చాప, బొంత బాపు తానే మోసుకొచ్చి మంటలో వేశాడు. వాటితో పాటే అత్త నోటుబుక్కునూ వేశాడు. అత్త ఉరికొచ్చి మంటలో చెయ్యి పెట్టి దాన్ని లాగింది.

"కాలనియ్యి చెల్లె. గా పుస్తకం ఇంట్ల ఉండొద్దు" అన్నాడు బాపు.

"వదినె చీరలు పోయినయి, బొంత పోయింది. ఆమె అన్న మాటలు గూడ కాల్చాల్నా అన్నా?"

అంచులు కాలిన పుస్తకాన్ని అత్త బొబ్బలెక్కిన చేతులతోనే కొంగులో చుట్టుకుని లోపలికి పోయింది.

నన్నెందుకు పిలిపించలేదని నేనెవరినీ అడగలేదు. బాపే పిలవలేదని కోపం, అవ్వకైనా నన్ను చూడాలనిపించలేదా అన్న బాధ, ఈ రెంటితో ఏడాది పొడుగునా బాపుతో సరిగా మాట్లాడలేదు. మరుసటి ఎండాకాలం సెలవులకు వచ్చినప్పుడు అత్త ఆ పుస్తకాన్ని నా చేతిలో పెట్టింది. "సదువు బిడ్డా. సదివినంక నన్ను తిట్టబుద్ధయితే తిట్టు" అంది.

మూడు రోజుల రాత. మొదటి రోజు, కామారెడ్డికి కబురు పెట్టొద్దని, పిల్ల వస్తే దానికి కూడా తగులుతుందని, అవ్వ బాపు చేత ఒట్టు వేయించుకున్నదని ఉంది. రెండో రోజు, నీళ్లు ఒక్క చుక్క కూడా ఇవ్వొద్దని వైద్యుడు చెప్పిన సంగతి. అవ్వ నీళ్లు నీళ్లని అడుగుతుంటే బాపు కుండ తీసుకుపోయి పెరట్లో పెట్టి, గోడకు తల ఆనించి నిలబడ్డ సంగతి. మూడో రోజు నాలుగు వాక్యాలే. "అన్న వైద్యుని కోసం పోయిండు. నేను వదినెకు చెంబెడు నీళ్లు తాగించిన. సల్లగుంది పిల్లా అని నా చెయ్యి పట్టుకున్నది. పొద్దుగూకక ముందే పోయింది."

తాను తాగించిన నీళ్లే వదినెను చంపాయని అత్త, అడిగిన నీళ్లు ఇవ్వలేదని బాపు, ఒకే ఇంట్లో ఒకరికొకరు చెప్పుకోకుండా కుమిలిపోతున్నారని ఆనాడు నాకు తెలిసింది. తెలిసీ అత్తను తిట్టలేదు, బాపుతో చెప్పే ధైర్యమూ చేయలేదు.

ఇంకో నాలుగేళ్లు గడిచాయి. నేను కామారెడ్డిలో పిల్లలకు పాఠాలు చెప్పే పనిలో చేరిన ఏడు, బాపు మంచం పట్టాడు. ఒక మధ్యాహ్నం నేను నీళ్లు అందిస్తే తాగకుండా చెంబు వంక చూస్తూ, "మీ అవ్వ అడిగితె నేనియ్యలే బిడ్డా" అన్నాడు. నేను లేచి పుస్తకం తెచ్చి ఆ మూడో రోజు రాత చదివాను. అత్త గడపలో ఆగిపోయి, పారిపోవడానికి చోటు దొరకని మనిషిలా తలుపు పట్టుకుంది.

"తాగిందా?" అన్నాడు బాపు.

"తాగింది బాపు. సల్లగుందన్నది."

మళ్లీ చదవమన్నాడు. మూడుసార్లు చదివించుకుని, గడప వైపు చెయ్యి చాచాడు. "మంచిపని చేసినవ్ చెల్లె. నాతోని కానిది నువ్వు చేసినవ్." అత్త అక్కడే కూలబడి, అన్నేళ్లు అణుచుకున్న ఏడుపంతా ఏడ్చింది. బాపు ఆ చలికాలం దాటలేదు. ఆయన దినాలు అయిన మర్నాటి నుంచి నేనూ రాయడం మొదలుపెట్టాను.

చాలా ఏళ్లకు ఒక ఆసుపత్రి వరండాలో, కలరా తగిలిన పసివాడికి నర్సు ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు చెంచాతో పోస్తూ, నీళ్లు ఆపితేనే ప్రాణం మీదికొస్తుందని తల్లికి చెబుతుంటే విని, నలుగురిలో ఉన్నానని కూడా మరిచి ఏడ్చాను. ఆ మాట చెప్పడానికి అప్పటికి అత్త లేదు. రోగాలకు మందులు వచ్చాయి, ఇంటింటికీ చదువు వచ్చింది, ఎంత దూరాన ఉన్నా పిలిస్తే పలికే ఫోన్లు వచ్చాయి. పొద్దస్తమానం మాట్లాడుకుంటారు, ఫోను పెట్టేస్తారు. పోయిన మనిషి చివరికి ఏమన్నదని ఏ పిల్లయినా అడిగితే మాత్రం, ఇంట్లో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.