రజను రాలని మరలు

నేను వేసిన మరలు బోల్టును పట్టలేదని ఆయన భీమడోలు టీకొట్టులో పదిమంది ముందూ చెప్పాడు. అబద్ధం. పట్టకుండా చేయించుకున్నది ఆయనే.

ఆయనకు కొల్లేటి పక్కన చేపల చెరువులున్నాయి. నీళ్లను చిలికి చేపలకు గాలి అందించే ఏరేటరు గేర్‌బాక్సు, అల్యూమినియంది, తాడేపల్లిగూడెంలోని నా లేతుషాపుకు తెచ్చాడు. అరిగిన బెజ్జాలు వెల్డింగుతో పూడ్చి, మళ్లీ తొలిచి, కొత్త మరలు వేయాలి. మా వైపు పని ఇచ్చినవాడు ఇంటికి పోడు. బియ్యం మిల్లులో తవుడు ఎటు పోతోందో కనిపెట్టే అలవాటే ఇక్కడా. స్టూలు లాక్కుని మెషీను పక్కనే కూర్చుంటాడు.

ఆయనా కూర్చున్నాడు. బెజ్జం లోపల మర వేసే పనిముట్టు టాపు; నేను వాడింది లోహాన్ని కోయదు. ఒండ్రులో కాలు దిగితే చుట్టూ మట్టి లేచినట్టు, ఒత్తి పక్కకు నెట్టి మర లేపుతుంది. కాబట్టి రజను, అంటే లోహపు పొడి, రాలదు. పొడి ఏదండీ అని అడిగాడు. ఈ పద్ధతిలో ఉండదని, తెగకుండా ఒత్తుకున్న లోహం గట్టిపడుతుందని, అదంతా ఏ కాలేజీలోనూ కాదు, పుస్తకాలు కొనుక్కుని, బోల్టులు తెంపుకుని నేర్చుకున్నానని చెప్పాను. తలూపాడు గానీ నమ్మలేదు. తిన్నగా ఏలూరు వెళ్లి, ఇంకో షాపులో అవే బెజ్జాల్లోకి కోసే టాపు దింపించాడు. అది వంకరగా దిగి నా మరల్ని గోకేసింది. రజను రాలింది, ఆయనకు తృప్తి కలిగింది. ఈ సంగతి తర్వాత ఆ ఏలూరు షాపతనే నవ్వుతూ నాకు చెప్పాడు.

కొన్నాళ్లకే ఒక రాత్రి బోల్టులు ఊడి గేర్‌బాక్సు జారి, ఏరేటరు ఆగిపోయింది. తెల్లారేసరికి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. కాలవ నీళ్లు తోడించి కాపాడుకున్నాడు గానీ, మాట మాత్రం నా మీద వేశాడు. చెరువులవాళ్లు నా గుమ్మం దాటుకుని పోవడం మొదలైంది. ఉన్నదల్లా ఆ పేరొక్కటే నాకు. అన్నం ముందు కూర్చున్నా చేతిలో బోల్టు తిప్పుతూనే ఉండేవాణ్ణి.

ఆఖరికి కబురంపి ఆయన్ని రప్పించాను. ఒకే అల్యూమినియం పలక, ఒకే లోతు. ఒక బెజ్జంలో కోసిన మర, పక్కదాంట్లో ఒత్తిన మర. బోల్టులు ఆయన్నే ఏరమన్నాను. పలకను ప్రెస్సు కింద పెట్టి బోల్టును వెనకనుంచి నెడుతూ, బలం చూపే గేజి ముల్లు కూడా ఆయన్నే చూడమన్నాను. కోసిన మర ముందు ఊడింది, బోల్టుకు స్ప్రింగులా చుట్టుకుని వచ్చింది. ఒత్తినది ముల్లు ఇంకా పైకెళ్లాక గానీ వదల్లేదు. నేను గొప్పలు పోయినంత తేడా లేదు, కానీ ఉంది. నాకే మనసు నిలవక మళ్లీ మళ్లీ చేశాను. ప్రతిసారీ అదే వరస.

“చూశారు కదా. ఆ టీకొట్టులోనే ఆ మాట సరిచేయండి,” అన్నాను.

ఊడిన మర ఉన్న బోల్టును జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. రోడ్డుమీద ప్రతి బండి చప్పుడుకీ తలెత్తుతూ గడిపాను. ఒక పొద్దున ఆయనే వచ్చాడు, ఇంకో గేర్‌బాక్సుతో, వెనక ఇద్దరు చెరువులవాళ్లతో. స్టూలు లాక్కుని కూర్చున్నాక చెప్పాడు:

“టీకొట్టులో అందరికీ చూపించి మరీ చెప్పానండీ, మీదే గట్టిదని. కానీ ఏవండీ, మీరేమీ అనుకోకపోతే, దీనికి మాత్రం కాస్త రజను రాలేట్టు చేసిపెట్టండి.”