ఆయన మార్పించిన సైలెన్సర్

మా వారు ఫరీదాబాద్‌లో కారు విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఉద్యోగమంతా ప్రెస్ మిషన్ల హోరులోనే గడిచింది. ఆర్భాటం గిట్టని మనిషి. అలాంటిది కిందటేడు మోటార్‌సైకిల్‌కి పెద్ద చప్పుడు చేసే సైలెన్సర్ పెట్టించుకొచ్చారు. ఆయన మా వీధి మలుపు తిరిగితే కిటికీ అద్దాలు అదిరేవి.

"ఈ వయసులో ఇదేం సరదా అండీ?" అంటే నవ్వి ఊరుకున్నారు. కింది వాటాలో పసిపాప ఉలిక్కిపడి లేస్తోందని వాళ్లమ్మ నాతో రెండుసార్లు మొరపెట్టుకుంది. ఆ మాటా చెప్పాను. "ఠీక్ హై, చూద్దాంలే" అన్నారు.

ఒక ఆదివారం ఇద్దరం వెళ్తుంటే ఢిల్లీలో ధౌలా కువాన్ దగ్గర ట్రాఫిక్ పోలీసు ఆపాడు. బండి వెనక వంగి చూస్తూ, కంపెనీ సైలెన్సర్ ఎందుకు తీయించారని హిందీలో అడిగాడు. మా వారు ముందుకే చూస్తూ కూర్చున్నారు. గట్టిగా అడిగినా పలకలేదు. పొగరనుకున్నాడేమో, భుజం తట్టి, "బహరే హో క్యా?" అన్నాడు, చెవుడా అని.

ఆయన వెనక్కి తిరిగి అతని పెదవులకేసి చూశారు. "జీ" అన్నారు మెల్లగా, అవునని.

బండి దిగి ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"ఎప్పటి నుంచండీ?"

"చాన్నాళ్లయింది. పాత సైలెన్సర్‌తో ఇంజన్ ఆడుతోందో ఆగిందో తెలిసేది కాదు. ఇదైతే కాస్త వినపడుతోంది."

"నాకు చెప్పొచ్చుగా?"

"చెబితే నువ్వు కూడా నాతో అరిచి మాట్లాడతావు."

పోలీసు గొంతు తగ్గించాడు. అయినా మార్చిన సైలెన్సర్‌తో బండి నడపడం చట్టవిరుద్ధమే అంకుల్‌జీ అని చలాన్ రాశాడు. అతన్ని తప్పుపట్టలేకపోయాను. కింది వాటా పాప గుర్తొచ్చింది.

మర్నాడే మెకానిక్ పాతది బిగించాడు. మిషన్ల చప్పుడుకి దెబ్బతిన్న నరాలు మళ్లీ బాగుపడవని డాక్టరు చెప్పి, చెవికి వినికిడి మిషన్ ఇచ్చాడు. అది పెట్టుకుంటే రోడ్డు మీది చప్పుళ్లన్నీ కలగలిసిపోయి తల తిరుగుతోందని, ఆయన బండి అమ్మేశారు. ఇప్పుడు ఫ్యాక్టరీకి బస్సులో వెళ్తున్నారు.

ఇన్నేళ్లూ బండి మీద వెనక కూర్చుని దారి పొడుగునా ఏదో ఒకటి చెబుతూనే ఉండేదాన్ని. ఆయన తలూపుతూ ఉండేవారు. అందులో ఎన్ని మాటలు విన్నారో అడగడానికి నాకు నోరు రావడం లేదు.