మేకలవ్వ నడుమునొప్పి

నా చిన్నప్పుడు, ఎస్సెల్సీ పరీక్షలు రాసిన ఎండాకాలంలో, మా తాతగారు గుర్రం మీద తిరిగిన కొండల చుట్టూ నేను సైకిలు మీద తిరిగి సున్నం కొట్టాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకిప్పుడు నామోషీ లేదు. అప్పుడు ఉండేది. అందుకే ఎవరైనా అడిగితే అడవి సర్వే పని అనేవాడిని.

హిందూపురంలో మా ఇంటికి పెద్దిల్లని పేరు. నాకు బుద్ధి తెలిసేసరికి ఆ పేరు మాత్రం మిగిలింది, ఇంట్లో సగం అద్దెకు పోయింది. అయినా మా నాయన ఇస్త్రీ చేయని చొక్కాతో ఒక్కనాడూ వీధిలోకి రాలేదు. ఒకరి గడప ముందు నిలబడి ఏదీ అడగకూడదన్నది మా ఇంటి నియమం. దారిన పోయేవాళ్లకు రోజూ మా వాకిట్లో అంబలి పోసిన కాలం గురించి మా అవ్వ చెబుతుండేది. పెట్టిన చేతులు చాపకూడదని ఆమె మాకు అన్నంతోపాటు నేర్పింది.

పెనుకొండ నుంచి ధర్మవరం వైపు సాగే కొండల్లో సర్కారు అడవికి హద్దురాళ్లు పాతి ఉండేవి. ప్రతి రాయినీ వెతికి, గీకి, సున్నం కొట్టి, నల్లరంగుతో అంకె దిద్దాలి. పదిహేను రోజుల్లో రేంజరు వచ్చి చూస్తారు. ఒక్క రాయి మిగిలినా పని చేతినుంచి పోతుంది. మా వంశంలో ఇంకొకరి కింద పనికి కుదిరిన మొదటివాడిని నేనే. కొండ కింద నాకు రాళ్ల పటం అప్పగించిన గార్డు నన్ను తలనుంచి కాళ్లదాకా చూసి, పక్కనున్న మనిషితో నాకు వినబడేలాగే అన్నాడు: "పెద్దింటి బిడ్డంటప్పా. మూడు దినాలకు సైకిలు తిప్పుకుంటాడు, చూస్తాండు."

మూడు దినాలు గడిచాయి, పది గడిచాయి. నేను సైకిలు తిప్పలేదు. వెనక క్యారియరు మీద సున్నపురాళ్ల గోనెసంచి, దాని మీద గొంగడి, హ్యాండిలుకు ఒకవైపు రాగిపిండి మూట, ఇంకొకవైపు రెండు సొరకాయ బుర్రల నిండా నీళ్లు. చీకటి పడితే వెడల్పాటి బండ చూసుకుని, మూడు రాళ్లు పెట్టి సంగటి కెలుక్కుని తిని, సైకిలు పక్కనే గొంగడి పరుచుకునేవాడిని. మొదటి రెండు రాత్రులు భయపడ్డాను. ఆ తర్వాత ఆ బండలు మా ఇంటి అరుగులకంటే చల్లగా అనిపించాయి. కాళ్లలో బలం వచ్చింది. అంత ఆకాశం కింద ఒక్కడినే ఉండడం నాకు నచ్చిందని ఒప్పుకోవాలి.

నీళ్ల దగ్గరే తంటా. ఊరి బావిలో నీళ్లు కావాలంటే చేద ఇమ్మని ఎవరినో ఒకరిని అడగాలి. అందుకని నేను ఊళ్లు తప్పించి, మనుషులు లేని పొలం బావులు చూసుకుని, మెట్లు దిగి బుర్రలు ముంచుకునేవాడిని. పన్నెండో రోజు ధర్మవరం ఇంకా కొన్ని మైళ్లుందనగా ఒక చిన్న పల్లె దాటాను. బావి దగ్గర ఆడవాళ్లు నీళ్లు తోడుతూ నావైపు చూశారు. నేను నోరు తెరిస్తే పోసేవాళ్లే. గంట కొట్టి ముందుకు పోయాను. కొండ ఎక్కి, పటంలో ముందు ఇంకొక బావి గుర్తు ఉంది కదా అన్న ధీమాతో, ఉన్న నీళ్లన్నీ సున్నంలో కలిపేశాను. ఆరు రాళ్లు తెల్లగా మెరిశాయి. ఇంకా నాలుగున్నాయి. దిగివచ్చి చూస్తే ఆ బావిలో పగిలిన బురద, పావురాల గూళ్లు తప్ప ఏమీ లేవు.

మిట్టమధ్యాహ్నపు ఎండ. వెనక్కి పోయి పల్లెలో అడిగితే నీళ్లు దొరుకుతాయి. కానీ గంట కొట్టి దాటివచ్చిన ఆడవాళ్ల ముందుకు మళ్లీ ఏ మొహంతో పోవాలి? హిందూపురానికి తిరిగిపోతే గార్డు మాట నిజమవుతుంది. సైకిలు తోసుకుంటూ ముందుకే నడిచాను. కొంతదూరం పోయేసరికి కళ్ల ముందు రాళ్లు కదులుతున్నట్టు తోచింది.

కొండ కింద ఎండిపోయిన వంక ఒకటి ఉంది. దాని ఒడ్డున తుమ్మనీడలో ఒక ముసలవ్వ మేకలు మేపుతూ కూర్చుని ఉంది. నన్ను చూసి, తన ముంత ఎత్తి చూపింది. దప్పిక లేదన్నాను. ఆ రెండు మాటలకే నా పెదవి చిట్లి రక్తం వచ్చింది. ఆమె నా పెదవిని చూసింది, సైకిలుకు వేలాడుతున్న ఖాళీ బుర్రలను చూసింది, నిటారుగా నిలబడ్డ నన్ను చూసింది. తర్వాత ముంతలోని నీళ్లు నిదానంగా తానే తాగేసి, ముంత బోర్లించి, నడుము మీద చేయి వేసుకుని మూలిగింది.

"అప్పా, నా నడుము పట్టుకుండాది. వంగేకి కాలేదు. మేకలు దప్పిక్కి అల్లాడతాండాయి. ఈ ఇసకలో రవంత చెలమ తీసిస్తావా? నీకు పున్నెముంటాది."

అడగకూడదు కానీ, అడిగినవాళ్లకు చేయడం మా ఇంటి మర్యాద. తల తిరుగుతున్నా చొక్కా చేతులు మడిచి వంకలోకి దిగాను. ఎక్కడ తవ్వాలో ఆమె కట్టెతో చూపింది. ఆమె ఇచ్చిన కొబ్బరిచిప్పతో మోచేతి లోతు తోడేసరికి ఇసుక తడిసింది. మొదట బురదనీళ్లు ఊరాయి. వాటిని ఎత్తిపోయమంది. మళ్లీ ఊరాయి, మళ్లీ ఎత్తిపోయించింది. మూడోసారి అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టగలిగేంత తేటనీళ్లు వచ్చాయి. చిప్ప నింపి ఆమెకు ఇవ్వబోయాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"చెలమ తీసినోడు తాగినాకే తక్కినోళ్లు తాగల్ల. ఈ వంకలో అదే పద్ధతి. లేకుంటే నీళ్లు ఇంకిపోతాయి."

పద్ధతి అన్నాక కాదనడానికి లేదు. పద్ధతుల మధ్య పెరిగినవాడిని. ఎన్ని చిప్పలు తాగానో గుర్తులేదు. బుర్రలు కూడా నింపుకున్నాను. ఒక ముసలమ్మకు ఉపకారం చేశానన్న తృప్తితో, మెడ ఇంకాస్త నిలబెట్టుకుని కొండెక్కి, చీకటి పడేలోగా రెండు రాళ్లు ముగించాను.

మరునాడు పొద్దున్నే సగం కొండ మీద మూడో రాయి గీకుతూ కిందికి చూశాను. అదే వంక, అవే మేకలు. అవ్వ నిన్నటి చెలమకు కాస్త ఎగువన ఇంకొకటి తీస్తోంది. పాతికేళ్ల పడుచులాగా వంగి, రెండు చేతులా ఇసుక వెనక్కి ఎగజిమ్ముతోంది. నేను ఒక రాయి గీకేలోపు ఆమె చెలమ తీసేసి, మేకలు తొక్కకుండా చుట్టూ కంప కూడా కట్టేసింది.

నాకు ముందు కోపం వచ్చింది. నా మీద జాలిపడి నాటకమాడిందని ఒళ్లు మండింది. కాసేపు రాయిని అవసరానికి మించి గీకాను. అప్పుడు ఆమె బోర్లించిన ముంత గుర్తొచ్చింది. జాలి చూపాలంటే ఆ ముంతే మళ్లీ చాపి, తాగు నాయనా అని ఉండేది. అలా అంటే నేను తాగకుండా పోయి, ఏ మలుపులోనో పడిపోయేవాడిని. ఆ సంగతి నా పేరైనా తెలియని మనిషి చూడగానే కనిపెట్టింది. నా తల వంచకుండా నా గొంతు తడిపింది.

మిగిలిన రెండు రాళ్లకు నీళ్లు చాలవు. బుర్రలు తీసుకుని దిగాను. నేను రావడం చూసి అవ్వ తటాలున లేచి నిలబడి, నడుము మీద చేయి వేసుకుంది.

ఆమె మూలగకముందే నేను మాట అందుకున్నాను. "అవ్వా, నాకు నీళ్లు కావాలి. సున్నానికీ, తాగడానికీ."

పుట్టి బుద్ధెరిగాక బయటి మనిషిని నేను అడిగిన మొదటి మాట అది. అవ్వ నడుము మీది చేయి తీసేసి, కొత్త చెలమ కంప పక్కకు లాగింది.

"అడిగితివి గదా. ఇంగ నా నడుము బాగైపాయ," అంది.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. నీళ్లు తోడి పోస్తూ, రాళ్లకు రంగు పూస్తే మేకలు అడవిలోకి పోకుండా ఆగుతాయా అని మాత్రం అడిగింది.

రాళ్లన్నీ గడువుకు రెండు రోజుల ముందే ముగిశాయి. రేంజరు వచ్చి చూసి సరేనన్నారు. మరుసటి ఎండాకాలం కూడా ఆ పని నాకే వచ్చింది. ఈసారి బావుల కోసం ఊళ్లు తప్పించుకు తిరగలేదు.

నాకిప్పుడు ఎనభై దాటింది. నా వెన్ను ఇప్పటికీ వంగలేదు, దాన్ని వంచాలని నేనెన్నడూ అనుకోలేదు. అయితే నాకేదైనా కావలసివస్తే, నిటారుగా నిలబడే అడుగుతాను. మా వీధి చివర పనిపోయిన కుర్రవాడొకడు ఉన్నాడు. భోజనానికి పిలిస్తే ఇప్పుడే తిన్నానంటాడు. అందుకని రోజూ పన్నెండు గంటలకు కబురుపెట్టి, కళ్లు ఆనడం లేదు, పేపరు చదివి పెట్టమంటాను. అతను చదువుతుండగా వడ్డన అవుతుంది, చదివినవాడు తినకుండా పోకూడదన్నది మా ఇంటి పద్ధతని చెబుతాను. అతను వచ్చేలోగా ఆ పేపరు నేను ఒకసారి చదివేసి, మడత నలగకుండా మళ్లీ బల్ల మీద పెడతాను.