తప్పయిందని గాడిదకు చెప్పిండా?

ఈ రోజు ఆరాధనల వాక్యం నేనే చెప్పిన. దేవదూతను చూసి దారిల ఆగిపోయిన గాడిదను, సంగతి తెల్వక మూడుసార్లు కొట్టిన ప్రవక్త కథ అది.

అయిపోయినంక ప్రభుదాసన్న నా దగ్గరికొచ్చిండు. ఆయన ఇక్కడ బిర్కత్ అల్ అవామిర్ అనే చోటుకు అవతల ఎడారిల ఒంటెలు కాస్తడు.

"తమ్మీ, తప్పయిందని ఆయన గాడిదకు చెప్పిండా?"

బైబిల్ తీసి చూసిన. "లేదు, దేవదూతకే చెప్పిండన్నా."

అన్న చెప్పిండు: "మొన్న మా ముసలి ఒంటె లేస్తలేదని కట్టెతోని కొట్టిన. కొడుతుంటె నా దిక్కే చూసింది. తెల్లారేసరికి సచ్చిపోయింది."

"దేవుడు క్షమిస్తడన్నా" అని చెప్పిన.

"నేను కొట్టింది దేవుణ్ణి కాదు కద, తమ్మీ."

ఇన్నేండ్ల సంది వాక్యం చెప్తున్న నేను మళ్ల బైబిల్ తిరగేసిన. రూంకొచ్చినా ఆయన గొంతే చెవుల మోగుతుంది. మీరైతే ఏం చెప్తుంటిరి?