నూట ఇరవై లైన్ల గడ్డం

1996లో విజయవాడ వన్ టౌన్‌లోని ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో నన్ను ప్రీ-ప్రెస్ ఇన్‌చార్జిగా వేశారు. ఫొటోను స్కాన్ చేసి, చుక్కలుగా విడగొట్టి, ఫిల్ము తీసి మెషీన్ వాళ్లకు అప్పగించడం మా పని. నల్లసిరాతో బూడిదరంగు అచ్చు వేయలేం. చుక్క పెద్దదైతే ముదురుగా, చిన్నదైతే లేతగా కనిపిస్తుంది, అంతే. అంగుళానికి ఎన్ని చుక్కల వరసలో చెప్పేదే స్క్రీన్ లైను. మాది కొట్లు నడిపే కుటుంబం. బేరం ఒక్కటే నేను ఇంటి నుంచి తెచ్చుకున్న చదువు.

ఆ ఏడాది చివర బట్టల హోల్‌సేల్ వ్యాపారి బాషా గారు క్యాలెండరు వేయించడానికి వచ్చారు. దాని పైభాగంలో, కొట్టు పెట్టిన వాళ్ల నాన్నగారి ఫొటో: తెల్లగడ్డం, నవ్వీ నవ్వని పెదాలు. ఆయన పోయాక వాళ్లమ్మగారి దగ్గర మిగిలిన ఫొటో అదొక్కటే. కాగితం మాత్రం చవకరకం. దానికి ఎనభై అయిదు లైన్లు చాలని పాత నమూనా ఒకటి చూపించాను.

ఆయన జేబులోంచి బట్టలో పోగులు లెక్కపెట్టే భూతద్దం తీశారు. “ఏందండీ ఇది, గోనెపట్టా? నూట యాభైకి తగ్గితే నేను ముట్టుకోను.”

పోగులు పెరిగితే నాణ్యం పెరుగుతుందని ఆయన లెక్క. ఈ కాగితం సిరా పీలుస్తుందని, చుక్కలు దగ్గరైతే ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయని చెప్పి చూశాను.

“మీరూ కొట్టోళ్ల బిడ్డేగా, తగ్గించే మాటే వస్తది!”

ఆ మాటతో నాలో కొట్టువాడు లేచాడు. ఆయన నూట యాభై, నేను తొంభై. టీలు వచ్చాయి. నూట ఇరవై దగ్గర చేతులు కలిపాం. అంత దించినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

ముందు నమూనాగా నున్నటి ఆర్ట్ పేపరు మీద తీసిన ప్రూఫులో ముఖం వెన్నలా ఉంది. అసలు కాగితం మెషీనెక్కాక మొదటి షీట్లలోనే చుక్కలు ఉబ్బి, గడ్డం మసిబారి, పెదాలు అందులో కలిసిపోయాయి. బాషా గారు భూతద్దం తీయనే లేదు.

“మా నాన్న గడ్డానికి రంగేశారేందండీ! మా అమ్మ ఈయనెవరని అడిగితే ఏం చెప్పేది?”

మెషీన్ ఆపించాను. ఎనభై అయిదు లైన్లతో మళ్లీ ఫిల్ము తీసి, అదే కాగితం మీద వేసి, షీటును గోడకు తగిలించి ఆయన్ని గుమ్మంలో నిలబెట్టాను.

“చుక్కలు కనపడట్లేదే?”

“క్యాలెండరు ముక్కు ఆనించి చూడరు కదండీ.”

ఆయన షీటు చుట్టి చంకలో పెట్టుకుని ఇంటికెళ్లారు. తిరిగొచ్చి కుర్చీలో కూలబడ్డారు. “ ‘మీ నాన్న దేనికిరా నవ్వుతున్నాడు?’ అందండీ మా అమ్మ. వేసెయ్యండి.”

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, పని ఏ కాగితం మీదో ప్రూఫూ దాని మీదే తీయించాను. లైన్లు ఎన్నని అచ్చు వేయించే పార్టీని అడగలేదు; ముందు కాగితం, తర్వాత ఎంత దూరం నుంచి చూస్తారన్నది అడిగేవాణ్ణి. రేటు మీదా గడువు మీదా ఎంతైనా బేరమాడవచ్చు. కాగితం ఎంత సిరా పీలుస్తుందన్న దాని మీద ఆడకూడదు.